వింత విగ్రహాల వేటకు యూరప్‌లో ఏ ఊరు మేలు? ప్రాగ్, బ్రస్సెల్స్, వ్రొత్స్వాఫ్, బుడాపెస్ట్, బ్రాటిస్లావా

"ఉచ్చ పోసే పిల్లాడి బొమ్మ కోసం బ్రస్సెల్స్ దాకా వెళ్లాలా?" యూరప్ టూరుకు లెక్కలేసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అచ్చంగా దానికోసమే అయితే అక్కర్లేదంటాను. కానీ వింత విగ్రహాలు వెతుక్కుంటూ ఒక ఊరంతా కాళ్లరిగేలా తిరగడం ఉందే, ఆ సరదా కోసం టూరులో ఒకటి రెండు రోజులు అదనంగా వేసుకున్నా డబ్బు దండగ కాదు. చాలావాటికి టికెట్ ఉండదు, క్యూ ఉండదు, గేటు మూసేస్తారన్న టెన్షన్ ఉండదు. ఆ రోజుల్ని ఏ ఊరికి ఇవ్వాలన్నదే తేల్చుకోవాలి.

మన దగ్గర విగ్రహానికి ఒక లెక్క ఉంది. నాలుగు రోడ్ల కూడలి, ఎత్తయిన దిమ్మె, దాని మీద చెయ్యి చాచిన నాయకుడు, జయంతికీ వర్ధంతికీ మెడలో దండ. యూరప్‌లోనూ ఆ బాపతు కావలసినన్ని ఉన్నాయి. గుర్రమెక్కిన రాజులు, కత్తి దూసిన సేనానులు ప్రతి చౌరస్తాలోనూ కనిపిస్తారు. ఇక్కడ చెప్పబోయేది ఆ పెద్దమనుషుల సంగతి కాదు, వాళ్లని చూసి కిసుక్కున నవ్వే బొమ్మల సంగతి.

ఊళ్లను పోల్చడానికి నేను వాడే కొలమానం ఒక్కటే. ఈ బొమ్మ ఎవరిని ఆటపట్టిస్తోంది? ప్రభుత్వాన్నో, దేవుణ్నో, పోలీసునో, కనీసం ఆ ఊరి జనాన్నో వెక్కిరిస్తోందంటే దాని దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది, వెనక కథ తెలుసుకోవాలనిపిస్తుంది. టూరిస్టులు ఫోటో దిగడానికి మాత్రమే పెట్టిందయితే రెండు నిమిషాల్లో దాని పని అయిపోతుంది. ఈ లెక్కన చూస్తే పేరు మోసిన ఊళ్లు కొన్ని వెనకబడతాయి, మనవాళ్లు పెద్దగా వెళ్లని ఊళ్లు కొన్ని ముందుకొస్తాయి.

బ్రస్సెల్స్: పేరు గొప్ప

ప్యాకేజీ టూరులో పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ పోయే దారిలో బస్సు ఇక్కడ ఆగుతుంది. గైడు జెండా పట్టుకుని ఊరి నడిమి పెద్ద కూడలి గ్రాండ్ ప్లేస్ నుంచి ఐదు నిమిషాలు నడిపించుకెళ్లి ఓ సందు మూల చూపిస్తాడు. అందరి నోటా ఒకటే మాట: "ఇంతేనా?" ఔను, ఇంతే. మానెకెన్ పిస్ ఎత్తు 55.5 సెంటీమీటర్లు, రెండడుగులు కూడా లేదు. 1619లో జెరోమ్ డ్యూకెస్నోయ్ అనే శిల్పి చేసిన కంచు బొమ్మ. ఇప్పుడు సందులో ఉన్నది నకలు, 1965 నుంచీ అదే. అసలుది గ్రాండ్ ప్లేస్‌లోనే ఉన్న సిటీ మ్యూజియంలో భద్రంగా ఉంది. బొమ్మను దొంగలు ఎత్తుకుపోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి కాబట్టి అలా చేశారు.

బొమ్మ సంగతి అలా ఉంచండి, దాని బట్టల బీరువా మాత్రం చూడాల్సిందే. 1698లో అప్పటి గవర్నర్ ఒకాయన ఈ పిల్లాడికి ఒక జత బట్టలు కానుకగా ఇచ్చాడు. 1747లో ఫ్రెంచి సైనికులు బొమ్మను ఎత్తుకుపోబోతే, ఊరి జనాన్ని శాంతపరచడానికి ఏకంగా పదిహేనో లూయీ రాజే జరీ దుస్తులు పంపించాడు. అక్కడి నుంచి ఆనవాయితీ అయిపోయింది. దేశాలు, సంఘాలు, వృత్తులవాళ్లు పంపిన దుస్తులు ఇవాళ వెయ్యి దాటాయి. వాటి కోసమే 2017లో పక్క వీధిలో ఒక చిన్న మ్యూజియం తెరిచారు. బొమ్మ దగ్గర రెండు నిమిషాలు, ఈ బట్టల గదిలో ముప్పావుగంట, ఇదీ సరైన వాటా. ఏ రోజు ఏ వేషం అన్నది ముందే ప్రకటిస్తారు, చూసుకుని వెళితే ముద్దుగా ముస్తాబైన రోజున దొరుకుతాడు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఈ పిల్లాడు పోసేదంతా మళ్లీ చుట్టి వచ్చే నీళ్లేనని ఊరంతా అనుకునేది. ఒక మీటరు బిగిస్తే బండారం బయటపడింది. రోజుకు వెయ్యి నుంచి రెండున్నర వేల లీటర్ల మంచినీళ్లు నేరుగా కాలవలోకి పోతున్నాయని తేలింది. 2019లో దాన్ని సరిచేశారు.

ఆడపిల్లకు ఏం తక్కువ అన్నట్టు 1987లో జానెకె పిస్ అనే అమ్మాయి బొమ్మ వెలిసింది. హోటళ్ల వీధి పక్కన ఇరుకు సందులో, ఇనుప ఊచల వెనక కూర్చుని ఉంటుంది. ఆ తర్వాత టామ్ ఫ్రాంట్‌జెన్ అనే శిల్పి ఒక కుక్కను చేశాడు. వీధి మూల ఒక రాతి గుంజకు కాలెత్తి నిలబడిన ఊరకుక్క. దీనికి నీళ్ల సరఫరా లేదు, దిమ్మె లేదు, కంచె లేదు, నిజం కుక్కలాగే కాలిబాట మీద ఉంటుంది. 2015లో ఎవరో కారుతో గుద్దేస్తే మరమ్మతుకు పంపించాల్సి వచ్చింది. ముగ్గురిలో నాకు నచ్చింది ఈ కుక్కే.

కానీ బ్రస్సెల్స్‌లో నా లెక్కకు సరిపోయే బొమ్మ టూరిస్టు గుంపులు అడుగుపెట్టని మోలెన్‌బేక్ వైపు, కాలవ దగ్గర సాంక్టలెట్ కూడలిలో ఉంది. అదీ ఫ్రాంట్‌జెన్ చేసిందే, 1985లో. మ్యాన్‌హోల్ లోంచి నడుం దాకా బయటికొచ్చిన కుర్రాడు పోలీసు కాలు పట్టి లాగేస్తున్నాడు. పోలీసు ముందుకు పడిపోతున్నాడు, ఇంకా పడలేదు. ఆ మధ్య క్షణాన్ని కంచులో పట్టేశాడు. గైడు చూపించడు, మీరే వెళ్లాలి.

ప్రాగ్: నవ్వు వెనక కసి

పెద్దవాళ్లు మాత్రమే వెళుతున్నట్టయితే నా ఓటు ప్రాగ్‌కే. కారణం డేవిడ్ చెర్నీ అనే శిల్పి. 1991లో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, ఊళ్లో స్మారకంగా నిలబెట్టిన సోవియట్ యుద్ధ ట్యాంకుకు రాత్రికి రాత్రి గులాబీ రంగు పూసేశాడు. పోలీసులు పట్టుకున్నారు, సైన్యం వచ్చి మళ్లీ ఆకుపచ్చ రంగేసింది. అప్పుడు పదిహేను మంది పార్లమెంటు సభ్యులు, మమ్మల్నెవరూ అరెస్టు చేయలేరు కదా అని, తామే బ్రష్షులు పట్టుకొచ్చి మళ్లీ గులాబీ రంగేశారు. ఆ ట్యాంకు ఇప్పుడు ఊరి బయట లెషానీలోని సైనిక మ్యూజియంలో ఉంది. దానికోసం అంత దూరం పోనక్కర్లేదు గానీ ఆ కథ తెలిస్తే మిగతా బొమ్మలన్నీ అర్థమవుతాయి.

మొదట చూడాల్సింది గుర్రం. కానీ దానికంటే ముందు వెన్సెస్లాస్ స్క్వేర్ పై చివరికి వెళ్లి, నేషనల్ మ్యూజియం ముందు గుర్రం మీద ఠీవిగా కూర్చున్న సెయింట్ వెన్సెస్లాస్‌ను చూడండి. చెక్ దేశానికి ఆయన కులదైవం లాంటివాడు. దేశంలో ఏ పెద్ద ఊరేగింపు జరిగినా, ఏ తిరుగుబాటు జరిగినా జనం చేరేది ఆ గుర్రం కాళ్ల దగ్గరే. కాసేపు చూసి, కిందికి నడిచి, పక్కనే ఉన్న లుసెర్నా అనే పాత భవనం లోపలికి వెళ్లండి. అధ్యక్షుడిగా చేసిన వాత్స్లావ్ హావెల్ తాతగారు కట్టించిన భవనమది. లోపల దుకాణాలు, సినిమా హాలు. తలెత్తితే పైకప్పు నుంచి అదే గుర్రం వేలాడుతూ ఉంటుంది, తలకిందులుగా. నాలుగు కాళ్లకూ తాళ్లు, కిందికి సాగిపోయిన మెడ, బయటికి వేలాడే నాలుక. చచ్చిన గుర్రమది. దాని పొట్ట మీద, పక్క వీధిలో ఉన్నంత ఠీవిగానే, సెయింట్ వెన్సెస్లాస్ కూర్చుని ఉంటాడు. తన కింద గుర్రం చచ్చిందని ఆయనకింకా తెలిసినట్టు లేదు. 1999లో పెట్టిన ఈ బొమ్మ అర్థమేమిటో చెర్నీ విడమరిచి చెప్పడు, చెప్పాల్సిన పనీ లేదు. పై అంతస్తులోని కేఫ్‌లో కిటికీ పక్క కుర్చీ దొరికితే ఇంకా మేలు. గుర్రం సరిగ్గా మీ కళ్ల ఎత్తులో ఉంటుంది, కాఫీ తాగుతూ తీరిగ్గా చూడొచ్చు. వాన రోజున ప్రాగ్‌లో దీనికంటే మంచి చోటు నాకు తెలియదు.

రెండోది ఈ ఊరి రచయిత ఫ్రాన్జ్ కాఫ్కా పేరిట ఉన్న మ్యూజియం ముందరి ఆవరణలో, 2004 నాటిది. ఇద్దరు కంచు మగవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఉచ్చ పోస్తుంటారు. బ్రస్సెల్స్ పిల్లాడిలాగా ఉత్తినే కాదు. వాళ్ల నడుములు అటూ ఇటూ తిరుగుతాయి, ఆ ధార నీళ్ల మీద అక్షరాలు రాస్తుంటుంది. కింద ఉన్న తొట్టి ఆకారం చెక్ దేశపు మ్యాపు. తమ దేశం మీద తామే పోసుకునే బొమ్మను ఊరి నడిబొడ్డున ఉంచుకున్నవాళ్ల గుండె ధైర్యానికి దండం పెట్టాలి. మరో మాట. ఈ ఊళ్లో, బ్రస్సెల్స్‌లో బొమ్మలు రోజంతా ఉచితంగానే పోస్తాయి. మనకు అవసరమొస్తే మాత్రం పబ్లిక్ టాయిలెట్ దగ్గర డబ్బులు కట్టాల్సి ఉంటుంది, జేబులో చిల్లర ఉంచుకోండి.

మూడోది పాత ఊళ్లోని హుసోవా వీధిలో. మేడ మీద నుంచి వీధి మధ్యకు చాచిన దూలానికి ఒక గడ్డపాయన ఒంటి చేత్తో వేలాడుతూ ఉంటాడు, రెండో చెయ్యి జేబులో. మనసు లోతుల్ని తవ్విన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. 1996లో చేసిన బొమ్మ. ఆ వీధిలో తలవంచుకుని ఫోన్ చూసుకుంటూ నడిచేవాళ్లకి ఈయన కనిపించడు. బొమ్మ అప్పుడప్పుడు ఎగ్జిబిషన్లకు పరాయి ఊళ్లకు పోతుంటుంది కూడా, వెళ్లేముందు ఒకసారి వాకబు చేసుకోండి.

కాఫ్కా తల గురించి ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నారోద్ని త్రీదా మెట్రో స్టేషన్ పైన, షాపింగ్ మాల్ పక్కన, 42 స్టీలు పొరలతో దాదాపు 11 మీటర్ల తలకాయ. పొరలు దేనికదే తిరిగి ముఖం చెదిరిపోతుంది, మళ్లీ కలుస్తుంది. 2014 నుంచి ఉంది. రోజంతా తిరగదు, ఆగి ఉంటే కాసేపు కాచుకోండి. బాగుంటుంది, కాదనను. కానీ నాకు కాఫ్కా విగ్రహాల్లో యూదుల పేటలో దుష్ని వీధిలో ఉన్నదే ఎక్కువ. 2003లో యారోస్లావ్ రోనా చేశాడు. తల లేని, చేతులు లేని, లోపల మనిషే లేని ఖాళీ సూటు ఒకటి నడుస్తుంటే, దాని భుజాల మీద చిన్న కాఫ్కా ఎక్కి కూర్చుని ఉంటాడు. ఆఫీసు ఉద్యోగం చేసే ఎవరైనా ఆ ఖాళీ సూటును చూసిన వెంటనే గుర్తుపట్టేస్తారు.

ఓపిక మిగిలితే జిజ్‌కోవ్ టీవీ టవర్‌కు వెళ్లండి. 216 మీటర్ల ఆ టవర్ ఊరి నెత్తిన మేకులా ఉంటుంది. దాని మీద పది రాక్షస పసిపిల్లలు పాక్కుంటూ పైకీ కిందికీ పోతుంటారు. మొహం ఉండాల్సిన చోట మొహం లేదు, ముద్ర వేసినట్టు నొక్కుకుపోయిన గాడి ఉంటుంది. కింది నుంచి అది కనిపించదు. దగ్గరగా చూడాలంటే నది ఒడ్డున కాంపా పార్కులో అలాంటివే మూడు కంచు పిల్లలు నేల మీదే ఉన్నాయి, వాటి మీదికి నిజం పిల్లలు ఎక్కి ఆడుకుంటుంటారు. టవర్ దాకా పోయే ఓపిక లేకపోతే కాంపాతో సరిపెట్టుకోవచ్చు.

ప్రాగ్ లోపాలూ చెప్పాలి. బొమ్మలు ఊరంతా చెదిరి ఉంటాయి, ట్రామ్, మెట్రో తప్పవు. పాత ఊళ్లో ఎండాకాలం జనం ఇసకేస్తే రాలనంత ఉంటారు, జేబు జాగ్రత్త. అత్తమామలతోనో, ఎదిగే పిల్లలతోనో వెళితే ఆ ఇద్దరు మగవాళ్ల ముందు కాసేపు ఎవరి మొహం ఎవరూ చూసుకోలేరు.

వ్రొత్స్వాఫ్: పిల్లలుంటే ఇంకో ఆలోచన వద్దు

పోలండ్‌లోని ఈ ఊరి పేరు మనవాళ్లలో అక్కడ చదువుకునే, ఉద్యోగాలు చేసే వాళ్లకు తప్ప పెద్దగా తెలియదు. ఇక్కడ చూడాల్సింది మరుగుజ్జులు. టోపీ పెట్టుకున్న జానపద కథల బుడ్డోళ్లు, జానెడు ఎత్తు కంచు బొమ్మలు, వందల్లో ఉన్నాయి. గోడ వారన, కిటికీ గట్టు మీద, దీపస్తంభం పైన, బ్యాంకు గుమ్మం పక్కన, ఎక్కడపడితే అక్కడ.

చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ దీని పుట్టుక వేరు. 1980లలో పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని తిడుతూ జనం గోడల మీద నినాదాలు రాసేవారు, పోలీసులు వాటి మీద తెల్లరంగు పూసేవారు. వాల్దెమార్ ఫిద్రిఖ్ అనే ఆయన నడిపిన ఆరెంజ్ ఆల్టర్నేటివ్ బృందం ఆ తెల్లరంగు మచ్చల మీద మరుగుజ్జు బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. నినాదం రాస్తే నేరం, మరి టోపీ పెట్టుకున్న బుడ్డోడి బొమ్మ గీస్తే? 1988 జూన్‌లో వేలమంది నారింజరంగు టోపీలు పెట్టుకుని స్విద్నిత్స్కా వీధిలో ఊరేగారు. టోపీ పెట్టుకున్నాడని మనిషిని అరెస్టు చేస్తే నవ్వులపాలయ్యేది పోలీసే. ఆ జ్ఞాపకంగా 2001లో అదే వీధిలో మొదటి కంచు బొమ్మ, పాపా మరుగుజ్జు, వెలిసింది. 2005లో తోమాష్ మోచెక్ అనే శిల్పి చేసిన చిన్న బొమ్మలతో అసలు వరస మొదలైంది.

ఆ మొదటి బ్యాచ్‌లోవాళ్లే ఇప్పటికీ అందరికంటే ముద్దుగా ఉంటారు. స్విద్నిత్స్కాలోనే ఇద్దరు బుడ్డోళ్లు ఒక రాతి గుండును తోస్తుంటారు. ఒకడు ఇటు నుంచి, ఇంకొకడు అటు నుంచి. ఇద్దరూ ఒళ్లంతా బిగబట్టి తోస్తున్నారు, గుండు మాత్రం కదలదు. మన ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టదగ్గ ఫోటో అది. ఓద్రా నది ఒడ్డున ఒకడు బట్టలు ఉతుక్కుంటుంటాడు. పాత కసాయి వీధిలో ఒక కసాయి మరుగుజ్జు ఉన్నాడు. అదే వీధిలో ఈ బుడ్డోళ్లతో సంబంధం లేని కంచు జంతువులు, పంది, మేక, బాతు వగైరా, వరసగా నిలబడి ఉంటాయి. ఆ వీధిలో కోతకు బలైన జంతువుల జ్ఞాపకార్థం పెట్టినవి. పిల్లలు వాటి వీపుల మీదెక్కి ఊగుతుంటారు. మార్కెట్ స్క్వేర్‌లో మరో ముగ్గురుంటారు. ఒకడు చక్రాల కుర్చీలో, ఒకడు చేతికర్రతో నల్లకళ్లద్దాలతో, ఒకడు వినపడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. దివ్యాంగులకు అడ్డంకుల్లేని ఊరు కావాలన్న ప్రచారంలో భాగంగా పెట్టారు.

అయితే నా కొలమానం ఇక్కడ కాస్త తడబడుతుంది. సంఖ్య పెరిగేకొద్దీ హోటళ్లు, దుకాణాలు, కంపెనీలు తమ గుమ్మం ముందు తమకో మరుగుజ్జును పెట్టించుకున్నాయి. ఇవాళ కనిపించే వాటిలో బోలెడు అలాంటి ప్రకటన బొమ్మలే. ప్రభుత్వాన్ని ఆటపట్టించడానికి పుట్టినవాడు చివరికి షాపు ముందు గుమాస్తాగా నిలబడ్డాడన్నమాట. పిల్లలకు ఆ తేడా పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. టూరిస్టు ఆఫీసులో మ్యాపు దొరుకుతుంది. పిల్లల చేతికిచ్చి వదిలితే రోజంతా వాళ్లే మిమ్మల్ని నడిపిస్తారు, "ఇంకెంత దూరం" అన్న ప్రశ్న రాదు. మ్యాపులో ఉన్నవన్నీ చూసేయాలని మాత్రం పంతం పట్టకండి.

పెద్దవాళ్ల కోసం ఇదే ఊళ్లో, స్విద్నిత్స్కా వీధి పిల్సుద్‌స్కీ వీధిని దాటే చోట, యెజి కలీనా చేసిన విగ్రహాలు ఉన్నాయి. నిలువెత్తు మనుషులు, పద్నాలుగు మంది. రోడ్డుకు ఒక పక్క ఉన్నవాళ్లు నడుస్తూ నడుస్తూ కాలిబాటలోకి కూరుకుపోతుంటారు. మోకాళ్ల దాకా, నడుం దాకా, చివరివాళ్లు తల దాకా. రోడ్డు దాటి చూస్తే రెండో పక్క మనుషులు నేలలోంచి పైకి లేస్తుంటారు. వాళ్లలో పిల్లల బండి తోసుకెళ్లే తల్లి కూడా ఉంది. పోలండ్‌లో 1981 డిసెంబర్ 13న సైనిక శాసనం విధించారు. ఆ రోజు గుర్తుగా 2005లో అదే తేదీకి, రాత్రివేళ వీటిని ఇక్కడ నిలబెట్టారు. ట్రాఫిక్ లైటు పడేదాకా వాటి పక్కనే మామూలు జనం నిలబడి ఉంటారు. ఎవరు బొమ్మో ఎవరు మనిషో ఓ క్షణం తెలియదు. ఈ ఐదు ఊళ్లలో ఒక్క విగ్రహాన్ని ఎంచుకోమంటే నా ఓటు వీటికే, ప్రాగ్ గుర్రం రెండోది.

బుడాపెస్ట్: కళ్లు చురుగ్గా ఉన్నవాళ్లకు

హంగరీ రాజధాని ఇది, ఇక్కడి వేట వ్రొత్స్వాఫ్ కంటే కష్టం. ఉక్రెయిన్‌లోని ఉజ్‌హొరోద్ నుంచి వచ్చిన మిహాయ్ కొలొద్కో అనే శిల్పి అరచేతిలో పట్టేంత కంచు బొమ్మల్ని ఊరంతా అతికించాడు, చాలావాటికి ముందుగా ఎవరి అనుమతీ అడగలేదు. డాన్యూబ్ ఒడ్డున బుడా వైపు, పార్లమెంటుకు ఎదురుగా గట్టు మీద చిన్న యుద్ధ ట్యాంకు ఒకటి ఉంటుంది. దాని ఫిరంగి గొట్టం నీరసంగా కిందికి వాలిపోయి ఉంటుంది. 1956లో సోవియట్ ట్యాంకులు ఊళ్లోకి దిగి తిరుగుబాటును అణిచేసిన సంగతి తెలిస్తే, ఆ వాలిపోయిన గొట్టం ఎంత చురకో అర్థమవుతుంది. పక్కన పెట్టిన వాటర్ బాటిల్ అంత కూడా ఉండదు, దారిన పోయేవాళ్లలో నూటికి తొంభై మంది చూడకుండా వెళ్లిపోతారు.

ఇంకోటి న్యూయార్క్ కేఫ్ దగ్గర. నీటిలోకి దిగే పాతకాలపు డైవరు, చేతిలో ఒక తాళంచెవి. ఆ కేఫ్ ఎప్పటికీ మూతపడకూడదని దాని తాళంచెవిని రచయిత ఫెరెన్స్ మోల్నార్ డాన్యూబ్‌లో పారేశాడని ఊళ్లో ఒక కథ ఉంది. డైవరు దాన్ని వెతికి తెచ్చేశాడన్నమాట. ఫాల్క్ మిక్షా వీధిలో అమెరికన్ టీవీ డిటెక్టివ్ కొలంబో నిలువెత్తు విగ్రహం తల గోక్కుంటూ నిలబడి ఉంటుంది, దగ్గర్లోనే కొలొద్కో ఒక చచ్చిన ఉడుత బొమ్మ పెట్టాడు. కేసు ఇంకా తేలలేదు.

మామూలు సైజు సరదా బొమ్మలు కూడా ఉన్నాయి. పెద్ద చర్చి దగ్గరి లావుపాటి పోలీసు పొట్ట, అందరూ నిమిరి నిమిరి, బంగారంలా మెరిసిపోతుంటుంది. ఊరి బయట మెమెంటో పార్కులో కమ్యూనిస్టు కాలపు విగ్రహాలన్నిటినీ ఒకచోట చేర్చి 1993లో తెరిచారు, టికెట్ ఉంటుంది. పడగొట్టగా బూట్లు మాత్రమే మిగిలిన స్టాలిన్ విగ్రహానికి నమూనా కూడా అక్కడుంది. చరిత్ర మీద ఆసక్తి ఉంటే సగం రోజు తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

ఒక్క హెచ్చరిక. పార్లమెంటుకు కాస్త దిగువన నది గట్టు మీద అరవై జతల ఇనుప చెప్పులు, బూట్లు కనిపిస్తాయి. అది వింత విగ్రహాల జాబితాలోది కాదు. 1944-45లో యూదులను ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. వాళ్ల స్మారకం. అక్కడ చెప్పుల్లో కాళ్లు పెట్టి రీల్స్ చేసేవాళ్లను చూస్తుంటే మనకే తల కొట్టేసినట్టవుతుంది.

బ్రాటిస్లావా: సగం రోజు చాలు

స్లొవేకియా రాజధాని ఇది, వియన్నా వెళ్లేవాళ్లకు అదనంగా కలిసొచ్చే ఊరు. రైల్లో గంట ప్రయాణం. పాత ఊరంతా చదునుగా, వాహనాల్లేకుండా, అరచేతిలో ఇమిడేలా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళితే ఈ ఐదింటిలో ఇదే హాయి.

ఇక్కడ పేరున్నది చుమిల్. 1997లో విక్టర్ హులిక్ చేసిన మ్యాన్‌హోల్ మనిషి. మూత పక్కకు నెట్టి, గట్టు మీద మోచేతులాన్చి, గడ్డం ఆనించి వచ్చే పోయే వాళ్లను చూస్తుంటాడు. పనిలో ఉన్నాడో పని ఎగ్గొట్టాడో తెలియదు. వెనక్కి చూసుకోని డ్రైవర్లు రెండుసార్లు గుద్దేయడంతో పక్కన ట్రాఫిక్ బోర్డు పాతారు, "మనిషి పనిలో ఉన్నాడు" అని. ఇప్పుడు బొమ్మకంటే బోర్డే పెద్ద జోకు. కొంచెం దూరంలో టోపీ తీసి నమస్కరించే వెండి రంగు పెద్దమనిషి ఉంటాడు. ఇగ్నాత్స్ లామార్ అని, ఈ ఊళ్లో నిజంగా బతికిన మనిషి. చేతిలో డబ్బు లేకపోయినా పాతదైన కోటు, టోపీతో దర్జాగా తిరుగుతూ ఆడవాళ్లందరికీ వంగి సలాం చేసేవాడు. మెయిన్ స్క్వేర్‌లో బెంచీ మీదికి వాలి కబుర్లు వింటున్నట్టుండే నెపోలియన్ సైనికుడొకడు. అంతే, ఊరు అయిపోయింది. ఇక్కడ రాత్రి బస చేయాల్సినంత సరుకు లేదు.

దారిలో తగిలితే వదలొద్దు

స్విట్జర్లాండ్ టూరులో జ్యూరిక్ నుంచి ఇంటర్లాకెన్ పోయే రైలు బెర్న్ మీదుగానే వెళుతుంది. రెండు గంటలు దిగి కోర్న్‌హౌస్ కూడలికి నడవండి. 1540ల నాటి ఫౌంటెన్ మీద ఒక రాక్షసుడు పసిపిల్లాణ్ని నోట్లో పెట్టుకుని నములుతుంటాడు, సంచిలో ఇంకా కొందరు పిల్లలు వంతు కోసం ఎదురుచూస్తుంటారు. ఎందుకు పెట్టారన్న దానికి ఊళ్లో నాలుగైదు కథలున్నాయి. అన్నం తిననని మారాం చేసే పిల్లలుంటే తప్పక చూపించండి.

ఓస్లోలో విగెలాండ్ పార్కు ఉచితం, ఎప్పుడైనా వెళ్లొచ్చు. గుస్తావ్ విగెలాండ్ ఒక్కడే చేసిన రెండొందలకు పైగా శిల్పాలు. ఒకాయన మీద పసిపిల్లలు దాడి చేస్తుంటే విదిలించుకుంటుంటాడు, ఇంకోచోట ఒక బుడతడు కాలు నేలకేసి కొడుతూ ఏడుస్తుంటాడు. కానీ నార్వే ఖర్చు చూస్తే ఆ బుడతడిలాగే మనకూ ఏడుపొస్తుంది. దీనికోసమే వెళ్లమని చెప్పలేను.

గ్లాస్గోలో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ గుర్రపు విగ్రహం 1844 నుంచి ఉంది. 1980ల నుంచి కుర్రకారు ఆయన నెత్తిన ట్రాఫిక్ కోన్ పెడుతూనే ఉన్నారు. కౌన్సిల్ తీయించడం, తెల్లారేసరికి మళ్లీ పెట్టడం. 2013లో దిమ్మె ఎత్తు పెంచడానికి 65 వేల పౌండ్లు ఖర్చు చేద్దామనుకుంటే ఊరంతా సంతకాలు పెట్టి ఆపించారు. నా కొలమానంలో నూటికి నూరు మార్కులు. కానీ దానికి బ్రిటన్ వీసా వేరే కావాలి.

ఇంతకీ మీకు ఏది

పైన చెప్పిన ఐదు ఊళ్లూ షెంగెన్ వీసాలోకే వస్తాయి కాబట్టి ఒక్క వీసాతో కలిపి తిరగొచ్చు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, బ్రాటిస్లావా లాంటి పూటబేరం వల్ల ఆ లెక్క మారదు. డబ్బు విషయంలో చూసుకోండి. బ్రస్సెల్స్, బ్రాటిస్లావాల్లో యూరో. ప్రాగ్‌లో కొరునా, వ్రొత్స్వాఫ్‌లో జ్లోటీ, బుడాపెస్ట్‌లో ఫోరింట్. హోటల్, తిండి ఖర్చులో బ్రస్సెల్స్ అన్నిటికంటే బరువు, వ్రొత్స్వాఫ్ తేలిక.

ఐదు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలుంటే కళ్లు మూసుకుని వ్రొత్స్వాఫ్. అది మీ దారికి మరీ పక్కన పడుతుందంటే ప్రాగ్‌లో దిగి బస్సులో ఐదు గంటలకు అటూ ఇటూగా చేరొచ్చు. పెళ్లయిన కొత్త జంట, స్నేహితుల బృందం, ఒంటరిగా తిరిగేవాళ్లు, వీళ్లకు ప్రాగ్. ఇదివరకే ప్రాగ్ చూసేసినవాళ్లు బుడాపెస్ట్‌కు వెళ్లి కొలొద్కో బొమ్మల మీద పడండి, రెండో రోజుకి నేల చూస్తూ నడవడం అలవాటైపోతుంది. పారిస్‌లో ఉన్నవాళ్లకు బ్రస్సెల్స్ హైస్పీడ్ రైల్లో గంటన్నర లోపే. పొద్దున వెళ్లి బట్టల మ్యూజియం, ఊరకుక్క, పోలీసును పడేసే కుర్రాడు చూసుకుని సాయంత్రానికి వెనక్కి రావచ్చు. రాత్రి ఉండాల్సిన పని లేదు.

డిసెంబర్, జనవరిలో వెళితే సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. నేల మీదుండే చిన్న బొమ్మలు మంచులో కనపడవు కూడా. అప్పుడు వ్రొత్స్వాఫ్, బుడాపెస్ట్ పక్కనబెట్టి, పెద్ద బొమ్మలుండే ప్రాగ్‌కే వెళ్లండి. మే నుంచి సెప్టెంబర్ దాకా ఏదైనా ఫరవాలేదు, వేసవి నడిమి రోజుల్లో తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది. పాత ఊళ్లన్నీ రాళ్లు పరిచిన వీధులే. పిల్లల బండికి పెద్ద చక్రాలున్నది తీసుకోండి, కొత్త బూట్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి.